పెన్సిల్ ఎవరి చేతిలో ఉండాలి?

"ఆ పెన్సిల్ ఇటివ్వండి."

"ఇవ్వనండి."

"ఇవ్వకపోతే లెక్క ఎట్లా చెప్పేదండీ?"

"నోటితో చెప్పండి."

గదిలో ఉన్న లెక్చరర్లందరూ గొల్లుమన్నారు. లెక్కల లెక్చరర్ వరప్రసాదరావు చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. బల్లకు అవతల కూర్చున్న బేబి ఆ పెన్సిల్‌ను రెండు చేతులతో గుండెలకు అదుముకుని, చంకలో చంటిపిల్లను ఎవరో లాక్కోబోతున్నట్టు చూస్తోంది.

టింగ్!

మూల కుర్చీలోంచి పుష్పవతిగారు ఇత్తడి గంట కొట్టారు. తెల్ల చీర, నెరిసిన ముడి, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం. విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళపాటు పంతుళ్ళకే పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ.

"ప్రసాదరావుగారూ, పొద్దుటినుంచి మీకిది నాలుగో గంట. పెన్సిల్ ఎవరి చేతిలో ఉండాలన్నాను?"

"విద్యార్థి చేతిలోనండి."

"ఎందుకని?"

"లెక్క చెయ్యాల్సింది విద్యార్థి కాబట్టండి."

"మరి మీ చెయ్యి ఎందుకు దురదపెడుతోంది?"

"అలవాటైపోయిందండి," అన్నాడు ప్రసాదరావు, చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో దాచుకుంటూ. చెవులు ఎర్రబడ్డాయి. బేబికి నవ్వొచ్చింది. కానీ లెక్చరర్‌గారి ముఖం మీద నవ్వితే బాగుండదని పెన్సిల్ చివర కొరుక్కుంది.

అది అరవైమూడో సంవత్సరం జూలై నెల. నందిగామకు కాలేజీ వచ్చి రెండేళ్ళే అయింది. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగులో చదువుకున్న పిల్లలు పి.యు.సి.లో చేరి, గడగడా సాగిపోయే ఇంగ్లీషు లెక్చర్ల ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చునేవారు. పరీక్షల్లో సగానికి సగం తప్పారు. ప్రిన్సిపాల్ వెంకటరత్నంగారికి నిద్రపట్టలేదు. లైబ్రరీ పక్క గది ఖాళీ చేయించి, నాలుగు బల్లలు వేయించి, ట్యుటోరియల్ సెంటర్ అని బోర్డు పెట్టించారు. పిల్లలు దానికి డౌట్ల గది అని పేరు పెట్టేసుకున్నారు. ఇకనుంచి మధ్యాహ్నాలు లెక్చరర్లు అక్కడ పిల్లల పక్కన కూర్చుని, వాళ్ళకు రానిదేమిటో కనుక్కుని, వచ్చేదాకా సాయం చెయ్యాలి.

తీరా చూస్తే ఆ లెక్చరర్లలో నిలబడి చెప్పడం వచ్చినవాళ్ళే అందరూ, కూర్చుని అడగడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందుకే పుష్పవతిగారిని పిలిపించి పదిరోజుల ట్రైనింగ్ పెట్టించారు.

ఆ ట్రైనింగ్‌లోకి బేబి వచ్చి పడటం మాత్రం ఎవరూ అనుకున్నది కాదు.

బేబిది చిల్లకల్లు. నాన్న బాలస్వామి హైదరాబాదు రోడ్డు మీద గ్యాంగు మేస్త్రి. ఎస్సెల్సీ రెండుసార్లు రాసింది. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు తప్ప. మొదటిసారి పందొమ్మిది మార్కులు, రెండోసారి ఇరవైరెండు. పాసైతే గుంటూరులో టీచరు ట్రైనింగ్ సీటుకు పాదిరిగారు సిఫారసు చేస్తానన్నారు. ఈసారి తప్పితే మాత్రం ఇక చదువు మాట ఎత్తొద్దన్నాడు నాన్న. కోపంతో అనలేదు. "నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోతున్నానమ్మా" అన్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది. అక్టోబరు పరీక్షకు ఫారం తెచ్చి పెట్టెలో చీరల కింద దాచుకుంది. శనివారం లోపల నందిగామ హైస్కూల్లో ఇవ్వాలి. నింపాలంటే చెయ్యి రావడం లేదు.

ఈలోపు కాలేజీలో ఆడపిల్లలు కూర్చునే గదికి ఆయా కావాలంటున్నారని, పాదిరిగారి చీటీ పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చింది. అక్కడ ప్రిన్సిపాల్‌గారి ఎదురుగా పుష్పవతిగారు తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. లెక్చరర్ల ముందు ఏమీ రాని విద్యార్థినిగా నటించడానికి రావాల్సిన పంతులమ్మకు విశాఖలో ఆటలమ్మ పోసిందట.

ఆవిడ తలెత్తి బేబిని చూసి, "ఎంతవరకు చదివావమ్మా?" అని అడిగారు.

"ఎస్సెల్సీ తప్పానండి."

"ఎందులో?"

"లెక్కల్లోనండి." అబద్ధమాడటం ఎందుకని మార్కులు కూడా చెప్పేసింది.

ఆవిడ లేచొచ్చి బేబి రెండు భుజాలూ పట్టుకున్నారు. "నాకు కావాల్సింది నువ్వే!"

పందొమ్మిది మార్కులు చూసి సంతోషించిన మనిషిని బేబి పుట్టాక అదే చూడటం.

పని చాలా తేలికన్నారు ఆవిడ. లెక్చరర్లు ఒక్కొక్కరే వచ్చి చెబుతారు. అర్థమైతే అయిందనాలి, కాకపోతే కాలేదనాలి. అంతే. బేబికి మాత్రం అంతకంటే కష్టమైన పని ఇంకోటి కనిపించలేదు. చిన్నప్పటినుంచి ఏ పంతులుగారు "అర్థమైందా?" అన్నా "అయిందండి" అనడమే తనకు వచ్చిన పాఠం. అర్థం కాలేదంటే పంతులుగారికి కోపం, పక్కపిల్లలకు నవ్వు, తనకు బెంచీ మీద నిలబడటం. ఇప్పుడు కాలేదని చెప్పడానికే జీతం!

మొదటిరోజు పొద్దున ఆవిడ పరిచయం చేసిన తీరు కూడా అంతే క్లుప్తం. "ఈ పదిరోజులూ మీ విద్యార్థిని ఈ బేబి. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెబుతుంది. మొదలుపెట్టండి."

మొదలుపెట్టారు. తెలుగు లెక్చరర్ సుబ్బరాయుడుగారు బేబిని మరిచిపోయి గోడకు ఛందస్సు చెప్పి పదకొండు గంటలు కొట్టించుకున్నారు. ఇంగ్లీషు లెక్చరర్ అన్సార్ ప్రశ్న అడిగి తనే జవాబు చెప్పేసి, "వెరీ గుడ్" అని బేబిని మెచ్చుకున్నాడు. కానీ అందరిలోకీ మొండిఘటం ప్రసాదరావే. సన్నగా, పొడుగ్గా, జుట్టు ఎప్పుడూ నుదుటి మీద పడుతూ ఉంటాడు. మాట మొదలుపెడితే బ్రేకుల్లేని బస్సు.

రెండోరోజు పుష్పవతిగారు ఇంకో నియమం పెట్టారు. ప్రశ్న అడిగాక మనసులో ఇరవై దాకా లెక్కపెట్టాలి. అప్పటిదాకా నోరు విప్పకూడదు.

"ఒక తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. ఇద్దరివీ కలిపితే నలభైఎనిమిది," అని మొదలుపెట్టాడు ప్రసాదరావు. "కొడుకు వయసు ఎక్స్ అనుకుందాం."

"ఎందుకనుకోవాలండీ?"

"తెలియదు కదండీ, అందుకని."

"కన్నకొడుకు వయసు తండ్రికి తెలియదాండీ?"

"తండ్రికి తెలుసండి! మనకి తెలియదు."

"వాళ్ళమ్మని అడిగితే పోలా?"

వెనక అన్సార్ బల్ల మీద తలపెట్టి నవ్వుతున్నాడు. ప్రసాదరావు జుట్టు వెనక్కి తోసుకుని, "సరే. మరి కొడుకు వయసు ఒక డబ్బాలో పెట్టి మూతేశారనుకోండి. తండ్రి వయసు అలాంటివి ఎన్ని డబ్బాలు?" అన్నాడు. అని, పెదవులు బిగించి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అయిదు దాకా వచ్చాడు. ఆరు. గొంతులో మాట ఎగిరెగిరి పడుతోంది. ఆ అవస్థ చూస్తే బేబికి జాలేసింది. ఏడు దగ్గర, "మూడండీ, మూడు!" అని పేలిపోయాడు.

టింగ్!

"అయ్యో, నేనే చెప్పేద్దామనుకున్నా," అంది బేబి. నిజంగానే చెప్పేది. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. లెక్కల జవాబు తన నాలిక చివరిదాకా రావడం ఆమెకు అలవాటు లేని రుచి.

మూడోరోజు అతను కొత్త ఉపాయంతో వచ్చాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు.

"ఇదేంటండీ?" అంది బేబి.

"పెన్సిల్ మీకు, కుర్చీ నాకు. ఇక కానివ్వండి."

ఆరోజు అతను ఇరవై దాకా లెక్కపెట్టాడు. నుదుట చెమట పట్టింది. పద్దెనిమిది దగ్గర ఉన్నాడేమో, బేబి కాగితం మీద వంగి ఒక గీత గీసింది, ఒక అంకె వేసింది, కొట్టేసింది, మళ్ళీ వేసింది. కొడుకు వయసు పన్నెండు.

"ఇదేనాండీ?"

అతను అవునన్లేదు, కాదన్లేదు. "సరిచూడండి" అన్నాడు మెల్లిగా. సరిచూసింది. మూడు పన్నెండ్లు ముప్పైఆరు. పన్నెండూ ముప్పైఆరూ కలిపితే నలభైఎనిమిది. సరిపోయింది. తలెత్తేసరికి అతను ఆమెనే చూస్తున్నాడు. గంట మోగలేదు. బయట సన్నగా తుంపర మొదలైంది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. ఇద్దరికీ చూపులు తిప్పుకోవాలని కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో బేబికి పదేపదే గుర్తొచ్చింది లెక్క కాదు. అతని "మీరు". తన జన్మలో తనని ఎవరూ మీరు అనలేదు. పంతుళ్ళు ఏమే అన్నారు, కండక్టర్లు అమ్మాయ్ అన్నారు. ఇతను మాత్రం చెయ్యండి, చూడండి, చెప్పండి అంటాడు. ఎస్సెల్సీ తప్పినదాన్ని ఎమ్మెస్సీ చదివినాయన మీరంటున్నాడని తలుచుకుంటే, చీరకొంగు ఊరికే వేలికి చుట్టుకోవాలనిపించింది. ఇంటికెళ్ళి పెట్టెలోంచి ఫారం తీసి, పేరు రాసే చోట పేరు రాసింది. రేపు మిగతాది.

ఆ రేపు గురువారం. మధ్యాహ్నం ట్రైనింగ్ అయ్యేసరికి వాన దబదబా దంచేస్తోంది. బస్సు రాలేదు. బేబి పరిగెత్తి బస్టాండు ఎదురుగా ఉన్న నబీ టీకొట్టు రేకుల కిందికి చేరింది. వెనకే నెత్తిన పుస్తకం పెట్టుకుని ప్రసాదరావు కూడా వచ్చాడు. అతను ఉండేది నందిగామలోనే. ఈ వానలో బస్టాండుకి ఎందుకొచ్చాడో అతనికే తెలియాలి.

"సారూ, లోపలికి రండి, తడుస్తారు. రెండు టీలా?" అన్నాడు నబీ.

"రెండు," అన్నాడు ప్రసాదరావు. గ్లాసు బేబికి అందించి, తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "మీకొకటి చెప్పాలని వచ్చా. నాలుగురోజులనుంచి అనుకుంటున్నా."

బేబి గుండె గ్లాసులో టీలాగా తొణికింది.

"మీ నటన అద్భుతమండీ."

"ఏంటండీ?"

"దాచకండి. మాకు తెలుసులే. నోటీసు బోర్డులో కాగితం చూశాంగా. విశాఖనుంచి ట్రైనింగ్ పాసైన పంతులమ్మ వచ్చి విద్యార్థినిగా నటిస్తుందని ఉంది. అన్సార్ అయితే మీరు బి.ఏ. కూడా పాసయ్యారంటాడు. కాని ఏం నటన! ఇవాళ ఏడెనిమిదులు యాభైనాలుగు అని వేశారు చూడండి, ఎక్కడా నవ్వకుండా! నేనే నమ్మేశా. అంత మొద్దుపిల్ల నిజంగా ఎక్కడైనా ఉంటుందా చెప్పండి?"

అతను నవ్వుతున్నాడు. మెప్పుకోలుగానే, ప్రేమగానే నవ్వుతున్నాడు. అందుకే ఆ మాట ఇంకా లోపలికి దిగింది.

ఏడెనిమిదులు యాభైనాలుగు కాదన్నమాట! పొద్దుట అతను ఏమీ అనకుండా తలూపితే సరైందే అనుకుంది.

మీరు అన్నది తనని కాదు. విశాఖపట్నంలో ఆటలమ్మ పోసి పడుకున్న ఆ పంతులమ్మని.

బేబి టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "బస్సొచ్చిందండి," అంది. బస్సు ఇంకా మలుపు కూడా తిరగలేదు. ఆమె వానలోకి నడిచింది.

"తడుస్తారండీ... ఏవండీ!"

వెనక్కి తిరగలేదు.

శుక్రవారం బేబి కాలేజీకి వెళ్ళలేదు. అక్క పుట్టింటికి వచ్చి ఉంది. దాని పిల్లాడికి పళ్ళొస్తూ ఒళ్ళు వెచ్చబడింది. రెండు ఘడియలకోసారి వాడి నుదుటికి పెదవులు ఆనించి చూడటం, అమ్మో ఇందాకటికంటే వేడిగా ఉందని భయపడటం, మళ్ళీ చూసి లేదులే అనుకోవడం. పైకి వంక అదే. ఫారం మడిచి మళ్ళీ పెట్టెలో చీరల కింద పెట్టేసింది. ఈసారి అడుక్కి.

"ఏం జరిగిందే?" అంది తల్లి ఆరోగ్యమ్మ.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ ఉయ్యాల అట్లా ఊపుతున్నావేం? పిల్లోడు గాల్లోకి ఎగిరిపోతాడు."

అక్కడ కాలేజీలో బేబి రాకపోయేసరికి ప్రసాదరావు లేచి, "మేడమ్, మీ పంతులమ్మగారు రాలేదేం?" అని అడిగాడు.

"పంతులమ్మ ఎవరు?" అన్నారు పుష్పవతిగారు.

"అదేనండి, బేబిగారు. నటించే..."

"నటించడమేమిటి?" ఆవిడ కళ్ళజోడు తీశారు. "ఆ పంతులమ్మ రాలేదు. ఈ పిల్ల చిల్లకల్లు గ్యాంగు మేస్త్రి కూతురు, నిజంగానే ఎస్సెల్సీ లెక్కల్లో రెండుసార్లు తప్పింది. మీకు చెప్పలేదూ? అయ్యో, నోటీసు మార్చాలనుకుని మరిచిపోయాను కదూ! అయినా మీరేమన్నారు ఆ పిల్లని?"

ప్రసాదరావు నోట మాట రాలేదు. ఇరవై కాదు, నలభై దాకా రాలేదు. ఆ తరవాత ఎవరినీ అడక్కుండా గదిలోంచి బయటికి పరిగెత్తాడు. పుష్పవతిగారు గంట కొట్టలేదు.

చిల్లకల్లు రోడ్డు మీద బస్సు దిగి పేటలోకి వెళ్ళాలంటే నల్లరేగడి దారి. రాత్రంతా వాన. అరఫర్లాంగు నడిచేసరికి ఎడమ కాలి చెప్పు బురదలో ఉండిపోయి కాలు ఒక్కటే పైకి వచ్చింది. అట్లాగే వచ్చాడు. గుమ్మం ముందు నిలబడిన పంచెకట్టు పెద్దమనిషిని చూసి ఆరోగ్యమ్మ కంగారుపడింది.

"ఎవరు కావాలయ్యా? ఆ కాలికి చెప్పు ఏది?"

"రేగడి మింగేసిందండి."

మంచం మీద బీడీ కాలుస్తున్న బాలస్వామి లేచి కూర్చున్నాడు. "ఎవరి తాలూకు బాబూ మీరు? ఏ ఊరు?"

"జగ్గయ్యపేటండి. మిరప చేలల్లో మేస్త్రమ్మగా చేసిన పుల్లమ్మ కొడుకుని. కాలేజీలో లెక్కలు చెబుతా."

"పుల్లమ్మ కొడుకువా! చర్చి వెనక వీధి పుల్లమ్మ! మీ అమ్మ నాకు తెలుసయ్యా. అందరి మీదా గొంతేసుకుని పడిపోయేది."

"ఇప్పుడూ అంతేనండి."

లోపలినుంచి ఉయ్యాల చప్పుడు ఆగిపోయింది. ఆరోగ్యమ్మ తలుపు వైపు చూసింది, బురద కాలు వైపు చూసింది, ఏం అర్థమైందో, "చెంబుతో నీళ్ళు తెస్తా, కాళ్ళు కడుక్కుని లోపలికి రా నాయనా" అంది.

బేబి ఉయ్యాల తాడు పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నేను..." అన్నాడు ప్రసాదరావు. "తప్పు మాటన్నానండి. నటిస్తున్నారనుకున్నా."

"అంత మొద్దుపిల్ల ఎక్కడా ఉండదన్నారుగా. ఇదిగో, ఉంది. చూసి వెళ్ళండి."

అతను చాప మీద కూర్చున్నాడు.

"నేను ఎందుకు ఆగకుండా చెబుతానో తెలుసాండీ?" అన్నాడు. "భయం. ఆగితే ఎవరైనా ప్రశ్న అడుగుతారని. అడిగింది నాకు రాకపోతే, పుల్లమ్మ కొడుకుకి ఇంతేలే అంటారని. అందుకే బోర్డు వైపు తిరిగి నింపేస్తా. రెండేళ్ళుగా నా క్లాసులో ఒక్కళ్ళూ కాలేదండి అని అన్లేదు. నేనేదో బాగా చెబుతున్నాననుకున్నా. మీరు మొదటిరోజే పన్నెండుసార్లు అన్నారు. అప్పటికి కోపమొచ్చింది. ఇంటికెళ్ళాక మాత్రం... చాలాకాలానికి పాఠం చెప్పినట్టనిపించింది."

బేబి తిరిగి చూడలేదు. కానీ ఉయ్యాల ఊపు నెమ్మదించింది.

"ఒక్క ప్రశ్న అడగనా?"

ఆమె ఉయ్యాల్లో పిల్లాడి దుప్పటి సర్దింది.

"మీకు ఎక్కడి వరకు వచ్చండి?"

విద్యార్థిని ముందుగా అడగమని పుష్పవతిగారు నేర్పిన ప్రశ్న అది. అడిగి ఊరుకున్నాడు. బేబికి అతని వైపు చూడకుండానే తెలుస్తోంది, లెక్కపెడుతున్నాడని. అయిదు దాటింది. ఏడు దాటింది. పద్దెనిమిది, పందొమ్మిది కూడా అయిపోయి ఉంటాయి. అతను మాట్లాడలేదు. పెరట్లో కోడి అరిచింది. ఉయ్యాల్లో పిల్లాడు నిద్రలో చప్పరించాడు.

"ఆరో ఎక్కం వరకే వచ్చండి," అంది బేబి.

చెప్పాక ఆగలేదు. మూడో క్లాసులో ఉండగా అమ్మకు జబ్బు చేసి మూడు నెలలు తను బడికి వెళ్ళలేదు. తిరిగి వెళ్ళేసరికి ఏడు, ఎనిమిది, తొమ్మిది ఎక్కాలు అయిపోయాయి. "వచ్చా?" అన్నారు పంతులుగారు. "వచ్చండి" అంది. అదే మొదటి అబద్ధం. ఆ ఒక్క అబద్ధం మీద మిగతా చదువంతా కట్టుకుంటూ వచ్చింది. రాత్రిళ్ళు బట్టీపట్టేది. పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే అంతా కలగాపులగమైపోయేది.

ప్రసాదరావు చుట్టూ చూశాడు. మూలన చేటలో చింతగింజలు ఉన్నాయి. చేట జరిపి ఆమె ముందు పెట్టాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"ఎనిమిదేసి గింజలు ఒక వరస. ఏడు వరసలు పేర్చండి."

పేర్చింది. ఒక్కో వరసా లెక్కపెట్టింది. యాభైనాలుగు దగ్గర ఆగింది. ఇంకా రెండు గింజలు మిగిలే ఉన్నాయి. వాటి వైపు చూసింది. యాభైఅయిదు. యాభైఆరు.

"ఈ రెండూ ఇన్నేళ్ళనుంచి ఇక్కడే ఉన్నాయాండీ?" అంది. అని తనే ఫక్కున నవ్వేసింది. నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను జేబురుమాలు తియ్యబోయి, చేతులు తొడల కింద ఉన్న సంగతి మరిచిపోయి, పక్కకి ఒరిగిపోయి గింజలన్నీ చెదరగొట్టాడు. చప్పుడుకి పిల్లాడు లేచి కేరుమన్నాడు.

"లేపారూ!" అంది బేబి. వాణ్ణి ఎత్తుకుని నుదుటికి పెదవులు ఆనించింది. ఒళ్ళు చల్లబడింది. "అమ్మయ్య," అంది.

గుమ్మంలో నిలబడిన బాలస్వామి గొంతు సవరించుకున్నాడు. "ఆ ఫారం ఏదే? రేపేగా ఆఖరు?"

బేబి పెట్టె తెరిచింది. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో నింపాలన్నాడు ప్రసాదరావు. తన పెన్ను తీసిచ్చాడు. ఆమె రాస్తుంటే వంగి చూశాడే గానీ చెయ్యి చాచలేదు. వెళ్ళేటప్పుడు, "సోమవారం వస్తారా అండీ?" అన్నాడు.

అండీ! ఇప్పుడు అన్నీ తెలిసి కూడా. బేబి తల వంచుకుని, "వస్తానండి" అంది.

ట్రైనింగ్ పది రోజులూ అయ్యాయి. చివరిరోజు ప్రసాదరావుకి ఒక్క గంటా మోగలేదు. సుబ్బరాయుడుగారికి రెండే మోగాయి. నోటీసు మార్చనందుకు క్షమాపణ చెప్పుకుని, పుష్పవతిగారు వెళుతూ వెళుతూ ఆ ఇత్తడి గంట బేబి చేతిలో పెట్టారు. "అవసరమైతే కొట్టు. మొహమాటపడకు."

బేబి ఆడపిల్లల గది ఆయా ఉద్యోగంలో చేరింది. మధ్యాహ్నాలు డౌట్ల గదిలో మూల బల్ల దగ్గర కూర్చునేది. మొదట్లో పి.యు.సి. పిల్లలు లోపలికి రావడానికి జంకారు. ఆయాకే నామోషీ లేనప్పుడు మనకెందుకని ఒకరిద్దరు వచ్చారు. తరవాత బల్లలు చాలలేదు. ఎవరైనా లెక్చరర్ పెన్సిల్ లాక్కుంటే మూలనుంచి టింగుమనేది. ప్రిన్సిపాల్‌గారు కూడా ఒకసారి తిన్నారు ఆ గంట.

అక్టోబరులో పరీక్ష రాసింది. ఆ పొద్దున ఏమీ తినలేకపోయింది. హాల్లోకి వెళ్ళేముందు ప్రసాదరావు ఏదో పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టబోయి, నోరు మూసుకుని, చేతిలో రెండు చింతగింజలు పెట్టాడు.

డిసెంబరులో ఒకరోజు జగ్గయ్యపేట బస్సు దిగి ఒకావిడ సరాసరి డౌట్ల గదికి వచ్చింది. జరీ లేని ఎర్రచీర, చెవులకు దుద్దులు, వీధి చివరిదాకా వినిపించే గొంతు.

"మా వాడి నోరు మూయించిన పిల్ల ఎవరే ఇక్కడ?"

పుల్లమ్మ! బేబి లేచి నిలబడింది.

"నువ్వా? కూరలో ఉప్పు సరిపోయిందట్రా అంటే, ఇదివరకు ఇంటికొస్తే పుస్తకంలోంచి తలెత్తేవాడు కాదు. ఇప్పుడు నేను ఏదన్నా చెబితే, చెప్పడం అయిపోయాక కూడా కాసేపు ఆగుతున్నాడు. ఇంకేమన్నా ఉందా అమ్మా అంటాడు. ముప్పైఏళ్ళనుంచి లోపల దాచుకున్నదంతా కక్కిస్తున్నాడు నాచేత. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను. ఏం మందు పెట్టావే వాడికి?"

"నేనేం పెట్టలేదండి..."

"పెట్టావులే." పుల్లమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. గొంతు ఒక్కసారిగా తగ్గించింది. "దారిలో చిల్లకల్లులో దిగి మీ నాన్నతో మాట్లాడి వచ్చా. ఆయన సరేనన్నాడు. మీ అమ్మ కాఫీ కూడా ఇచ్చింది. కానీ అడగాల్సింది నిన్ను కదా. వాడే అడుగుతాడంట. నేను బస్టాండులో ఉంటా."

ఆవిడ వెళ్ళాక ప్రసాదరావు వచ్చాడు. చేతిలో పోస్టు కవరు. హైస్కూలు నుంచి మార్కుల కాగితం తెచ్చాడు. తను విప్పలేదు.

"మీరే విప్పండి."

బేబి విప్పింది. అంకె చూసింది. ముఖంలో ఏం లేకుండా కాగితం మడిచింది. అతని ప్రాణం పోయింది.

"లెక్కల్లో ఏడెనిమిదులు వచ్చాయండి," అంది.

"యాభైఆరా!"

"నా లెక్క ప్రకారమండి."

అతనికి ఒక్క క్షణం పట్టింది. "యాభైనాలుగు!" అని అరిచాడు. లైబ్రరీలోంచి ఎవరో "ష్" అన్నారు. ఇద్దరూ నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. పాస్ మార్కు ముప్పైఅయిదు! నవ్వి నవ్వి అలిసిపోయాక బేబికే ముందు దిగులు వచ్చింది.

"జూన్‌లో గుంటూరు వెళ్ళాలండి. ట్రైనింగ్ రెండేళ్ళు."

"తెలుసు."

"మీరు అయిదు దాకా లెక్కపెట్టలేని మనిషి."

"నేర్చుకున్నాగా." అతను ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. "బేబిగారూ, ఒక ప్రశ్న అడుగుతా. జవాబు నేను చెప్పకూడదు, మీరే చెప్పాలి. గుంటూరు నుంచి పంతులమ్మగా తిరిగొచ్చాక, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అని పెదవులు బిగించాడు. బేబి కిటికీ వైపు చూసింది. కాగితం మడత సరిచేసింది. గంటను ఒకసారి చీరకొంగుతో తుడిచింది. అతని పెదవులు లోలోపల కదులుతున్నాయి. నుదుటి మీద జుట్టు పడింది, తోసుకోవడానికి చెయ్యి లేదు. జాలేసింది. అయినా చెప్పలేదు.

"ఇరవై దాటిందండీ," అన్నాడు చివరికి, గొంతు పీలగా.

టింగ్!

"మధ్యలో మాట్లాడారు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టండి."

అతను కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పైకే. "ఒకటి... రెండు... మూడు..."

ఏడు అనేసరికి, తొడ కిందనుంచి తన కుడి చెయ్యి ఎవరో మెల్లగా బయటికి లాగి, అరచేతిలో ఏదో పెట్టినట్టైంది. కళ్ళు తెరిచి చూశాడు.

ఆరోజు బేబి ఇవ్వనన్న పెన్సిల్, కొరికిన గాట్లతో సహా.